సాంఘిక శాస్త్రంలో టెక్నాలజీ ప్రాజెక్టులు: ఊరి చెరువుతో మొదలుపెట్టండి

మీ ప్రశ్న సారాంశం నాకు అర్థమైనంత వరకు ఇది. మీరు కిందటి డీఎస్సీలో సాంఘిక శాస్త్రం స్కూల్ అసిస్టెంటుగా ఎంపికై ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో చేరారు. తొమ్మిదో తరగతిలో 38 మంది పిల్లలున్నారు. తరగతి గదిలో ఒక ఇంటరాక్టివ్ ప్యానెల్ ఉంది, కంప్యూటర్ గదిలో పనిచేసేవి నాలుగే, ఇంటర్నెట్ వస్తూ పోతూ ఉంటుంది. పోయినసారి మీరిచ్చిన ప్రాజెక్టులకు పిల్లలందరూ నెట్ సెంటరులో ప్రింట్లు తీయించి, రంగు అట్టలు వేసి తెచ్చారు. తెరిచి చదివితే ఒక్కరిదీ సొంత వాక్యం కనిపించలేదు. టెక్నాలజీ సాయంతో నిజంగా సాంఘిక శాస్త్రం నేర్పే ప్రాజెక్టు ఎలా ఉంటుంది, సిలబస్ వెనకబడకుండా దాన్ని ఎలా నడపాలి అని అడిగారు.

నేను ఇరవై రెండేళ్లుగా ఉమ్మడి వరంగల్ జిల్లా పల్లెల్లో ఇదే సబ్జెక్టు చెబుతున్నాను. మీకు ఎదురైన అట్టల అనుభవం నాకూ చాలా ఏళ్లు ఎదురైంది కాబట్టి, నేను చేయించి చూసినవాటి గురించే రాస్తాను.

ముందుగా ఒక మాట. ప్రింట్లు తెచ్చిన పిల్లలను తప్పు పట్టడానికి లేదు. "కాకతీయుల గురించి ప్రాజెక్టు చేసుకురండి" అని మనం చెప్పినప్పుడు దాని జవాబు అప్పటికే ఎక్కడో తయారై ఉంటుంది, దాన్ని మోసుకు రావడమొక్కటే పిల్లలకు మిగిలిన పని. అదే "మన ఊరి చెరువులోకి నీళ్లు ఏ దారిన వస్తున్నాయి, ఆ దారి మీ తాతల కాలంలో ఎలా ఉండేది" అని అడిగితే, ఆ జవాబును ప్రింటు తీసి ఇచ్చే నెట్ సెంటరు ఎక్కడా లేదు. టెక్నాలజీ ప్రాజెక్టు అంటే నా దృష్టిలో, పిల్లలు ఒక ఆధారాన్ని సొంతంగా చేతిలోకి తీసుకొని, దాన్ని ఎంతవరకు నమ్మవచ్చో తామే తేల్చుకునే పని. ఫోను, కంప్యూటరు, ప్యానెల్ ఆ ఆధారాన్ని దగ్గరికి తెచ్చే పనిముట్లు. పవర్ పాయింట్ స్లయిడ్లు చేయించడం, వీడియో ఎడిటింగ్ నేర్పించడం మంచివే, కానీ అవి కంప్యూటర్ పాఠాలు. అందులో సాంఘిక శాస్త్రం తనంతట తాను వచ్చి చేరదు.

మీరు తెలంగాణలో ఉన్నారు కాబట్టి చెరువుతో మొదలుపెట్టమని నా సలహా. చెరువు లేని ఊరు మన దగ్గర అరుదు. పాఖాల, లక్నవరం, రామప్ప చెరువుల గురించి పిల్లలు విని ఉంటారు. 1213లో కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిన సంగతి కూడా చాలామందికి తెలుసు. కానీ ఆ గుడి పక్కన చెరువు ఎందుకుందో, ఆ రాజ్యానికి చెరువుతో ఏం పనో ఆలోచించినవారు తక్కువ. 2015లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయలో తమ ఊరి చెరువు పూడిక తీసి పొలాల్లో పోసుకున్న ఇళ్ల పిల్లలు కూడా మీ తరగతిలో ఉండే ఉంటారు. చరిత్ర, భూగోళం, ఆర్థిక శాస్త్రం, పౌరశాస్త్రం నాలుగూ ఒక్క కట్ట మీద కలిసే చోటు పల్లెటూళ్లో ఇంకొకటి దొరకడం కష్టం.

మొదటి పీరియడులో ఏ యంత్రాన్నీ ముట్టనివ్వకండి. పిల్లలకు తెల్ల కాగితాలిచ్చి, చెరువును జ్ఞాపకం మీద గీయమనండి. ఈ పని నేను చేయించిన ఒక తరగతిలో, చేపలు పట్టే కుటుంబం నుంచి వచ్చిన అబ్బాయి చెరువు లోపల లోతైన చోట్లను చుక్కలు పెట్టి చూపించాడు. చివరి ఆయకట్టులో పొలం ఉన్న ఇంటి అమ్మాయి కట్టను గీయనే లేదు. తూము నుంచి తమ మడి దాకా వచ్చే కాలువను మాత్రం మూడు వంపులతో సహా గీసింది. ఊరి మధ్యలో ఉండే పిల్లలు చెరువు పక్కన బతుకమ్మ ఆడే చోటును, గుడిని పెద్దగా వేశారు. ఆ కాగితాలన్నీ గోడకు అంటించి "ఇవన్నీ ఒకే చెరువు బొమ్మలేనా" అని అడిగితే, పటం గీసినవారి అవసరాన్ని బట్టి పటం మారుతుందన్న విషయం నేను చెప్పకుండానే తరగతికి అర్థమైంది. ఈ కాగితాలను పారేయకండి, చివర్లో మళ్లీ పనికి వస్తాయి.

రెండో మెట్టు స్థలాకృతి పటం, మనం వాడుకలో టోపోషీట్ అనేది. సర్వే ఆఫ్ ఇండియా తన వెబ్‌సైటులో 1:50,000 స్కేలు పటాలను పీడీఎఫ్ రూపంలో ఉచితంగా ఇస్తోంది. పేరు నమోదు చేసుకొని మీ మండలం వచ్చే షీటును ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవులో తెచ్చుకోండి. ఈ స్కేలులో 2 సెంటీమీటర్లు ఒక కిలోమీటరు. ప్యానెల్ మీద ఆ షీటును పెద్దది చేసి మీ ఊరిని వెతకమనండి. ఊరు దొరికాక, ఒకే ఎత్తున్న చోట్లను కలిపే సమోన్నత రేఖల వెంట వేలు నడిపించమనండి. ఎత్తు నుంచి పల్లానికి వరుసగా ఒక కుంట, దాని కింద ఒక చెరువు, దాని మత్తడి (నిండిన చెరువు పొర్లే చోటు) నీళ్లు చేరే ఇంకో చెరువు కనిపిస్తాయి. గొలుసుకట్టు చెరువులు అని మనం పుస్తకంలో ఒక్క మాటలో చెప్పి దాటేసేది పిల్లల వేలి కింద అప్పుడు నిజమవుతుంది. మీ ప్యానెల్‌ను ఇన్నాళ్లు వీడియోలు చూపించే టీవీగానే వాడి ఉంటే, ఇక్కడి నుంచి దాని మీద గీయించడం మొదలుపెట్టండి. తెర మీద నీలిరంగు పెన్నుతో నీటి దారిని ఒక విద్యార్థి గీస్తుంటే, మిగతా పిల్లలు "అక్కడ కాదు, రేఖ ఇటు వంగింది" అని సరిచేయడంలో ఉన్న చదువు ఏ వీడియోలోనూ లేదు.

మూడోది ఉపగ్రహ చిత్రాలు. గూగుల్ ఎర్త్ ప్రో అనే ప్రోగ్రామును కంప్యూటరులో ఉచితంగా వేసుకోవచ్చు. ఇస్రో నడిపే భువన్ పోర్టల్ కూడా ఉంది, 2009 నుంచి అందుబాటులో ఉంది. ఎర్త్ ప్రోలో పాత తేదీల చిత్రాలను వరుసగా చూపించే గడియారం గుర్తు ఒకటి ఉంటుంది. నెట్ సరిగా రాదన్నారు కాబట్టి, ముందురోజు ఇంట్లో ఫోన్ హాట్‌స్పాటుతో మీ ఊరి చిత్రాలను తేదీల వారీగా బొమ్మలుగా దాచుకోండి. ప్రతి ఫైలు పేరులో తేదీ తప్పకుండా ఉండాలి. అలా ఎందుకు ఉండాలో నేను నేర్చుకున్న తీరు చెబుతాను.

ఒక ఏడాది మా పిల్లలు రెండు చిత్రాలను పక్కపక్కన పెట్టారు. ఒకటి 2016 ఏప్రిల్‌ది, రెండోది 2020 నవంబరుది. మొదటిదానిలో చెరువు నడుమ ఒక చిన్న మడుగు తప్ప నీళ్లు లేవు, రెండోదానిలో శిఖం (చెరువులో నీళ్లు నిలిచే నేల) నిండా నీళ్లే. ప్రోగ్రాములో హద్దు గీసి విస్తీర్ణం లెక్కవేశారు, హెక్టారును 2.47తో గుణించి ఎకరాలు చేశారు, "పూడిక తీయడం వల్ల చెరువు ఇన్ని రెట్లు పెరిగింది" అని చార్టు మీద పెద్ద అక్షరాలతో రాశారు. లెక్కలో ఒక్క తప్పు లేదు. నాకు కూడా అది ఎంతో బాగుందనిపించి, చూడటానికి ప్రధానోపాధ్యాయులను పిలవబోతున్నాను. అప్పుడు వెనక బెంచీలోని అమ్మాయి లేచి, "సార్, ఏప్రిల్‌ల ఏ చెరువుల నీళ్లుంటయి? మా తాత ఆ ఏడు కరువు అన్నడు" అంది.

ఆ ఒక్క ప్రశ్నతో ప్రాజెక్టు దారి మారింది. 2015-16లో తెలంగాణలో కరువు ఉన్న మాట నిజం. 2020లో ఆగస్టులోనూ అక్టోబరులోనూ మా వైపు భారీ వానలు పడిన మాటా నిజం. ఎండాకాలం చిత్రాన్ని, అదీ కరువు ఏడాదిది, వానలు దంచిన ఏడాది నవంబరు చిత్రంతో పోల్చి మా పిల్లలు పూడికతీతకు మార్కులు వేశారు. పూడికతీత వల్ల మేలు జరిగి ఉండవచ్చు, కానీ ఈ రెండు చిత్రాలు ఆ మాట చెప్పలేవు. అప్పటి నుంచి మా తరగతిలో ఒక నియమం ఉంది. పోల్చే చిత్రాలు రెండూ ఒకే నెలవి కావాలి, ఆ రెండేళ్ల వాన లెక్క పక్కనే ఉండాలి, ఈ రెండూ లేకపోతే "పెరిగింది, తగ్గింది" అనే మాటలు రాయకూడదు. చరిత్రలో ఒక శాసనాన్ని చదివేటప్పుడు దీన్ని ఎవరు, ఎప్పుడు, ఎందుకు చెక్కించారు అని అడుగుతాం కదా, ఆకాశం నుంచి తీసిన ఫొటోనూ అలాగే అడగాలని పిల్లలకు ఆ రోజు తెలిసింది. నా వరకు ఈ ప్రాజెక్టులో పిల్లలు నేర్చుకున్న అసలు పాఠం అదే. తప్పు జరగకుండా నేను ముందే హెచ్చరించి ఉంటే ఆ పాఠం దొరికేది కాదు.

తర్వాత ఒకే నెల చిత్రాలు తీసి చూసినప్పుడు వాళ్లకు వేరే సంగతి దొరికింది. టోపోషీటు మీద పై కుంట నుంచి మా చెరువులోకి వచ్చే ఒక వాగు గీత ఉంది. ఎర్త్ ప్రోలో ఒక పటాన్ని ఉపగ్రహ చిత్రం మీద పరిచి పలచగా చేసే వీలుంది. అలా పరిచి చూస్తే, పాత చిత్రాల్లో చెట్ల వరసగా కనిపించిన ఆ వాగు కొత్త చిత్రాల్లో ఒక చోట తెగిపోయింది. అక్కడ ఏముందో తెర మీద తెలియలేదు. నడిచి వెళ్లి చూడటం తప్పనిసరైంది.

నడకను ఒక పూట పనిగా పెట్టుకోండి. ప్రధానోపాధ్యాయుల అనుమతి, తల్లిదండ్రుల సంతకాలు, వెంట కనీసం ఇద్దరు టీచర్లు, వీలైతే ఊరి పెద్దలు ఒకరు ఉండాలి. పిల్లలు కట్ట మీది నుంచి చెరువులోకి దిగకూడదు. తూము దగ్గరికి, మత్తడి మీదికి ఎవరినీ వెళ్లనివ్వవద్దు. వానలు పడుతున్న రోజుల్లో ఈ నడక పెట్టుకోనే వద్దు. ఈ విషయంలో మొహమాటపడకండి. ఫోను జీపీఎస్‌కు నెట్ అక్కరలేదు, ఆరుబయట అది కొద్ది మీటర్ల తేడాతో చోటును చూపిస్తుంది. తూములు, మత్తడి దూరం నుంచి కనిపించే చోటు, వాగు చేరే చోటు, తెగిన చోటు, ఇలా ఒక్కో చోట సురక్షితంగా నిలబడి అక్షాంశ రేఖాంశాలు నోటుబుక్కులో రాసుకోమనండి. తరగతిలో గ్లోబు మీద చెప్పిన ఆ రెండు అంకెలు తమ కాళ్ల కింది చోటును చెబుతున్నాయని తెలిసినప్పుడు పిల్లల ముఖాలు చూడాలి.

నడకలో నీరటిని, అంటే తూములు ఎత్తి పొలాలకు నీళ్లు పంచే మనిషిని, కలవండి. మీ ఊళ్లో ఆ పని ఇప్పుడు ఎవరూ చేయకపోతే, ఒకప్పుడు చేసిన కుటుంబాన్ని వెతకండి. ఏ తూము ఎప్పుడు ఎత్తాలి, కరువు ఏడాది ఏ మడికి ముందు నీళ్లు ఇవ్వాలి, గొడవ వస్తే ఎవరు తీర్చేవారు అన్నవి ఆయన చెబుతున్నప్పుడు పిల్లలకు స్థానిక పరిపాలన, నీటి హక్కులు, కులవృత్తులు అన్నీ ఒకేసారి వినిపిస్తాయి. ఆ వాగు తెగిన సంగతి మా పిల్లలు అడిగినప్పుడు ఆయన, కాలువను కొందరు పూడ్చి పొలంలో కలుపుకున్నారని, కొంత మేర రోడ్డు కింద పోయిందని చెప్పారు. ఇలాంటి చోట మీరు జాగ్రత్తగా ఉండాలి. ఫలానావారు కబ్జా చేశారని పిల్లల చేత రాయించవద్దు. పటం మీద "ఇక్కడ కాలువ ఆనవాలు లేదు, ఫలానా నెల చిత్రంలో ఉంది, ఫలానా నెల చిత్రంలో లేదు" అని రాస్తే చాలు. కారణం తెలుసుకోవాలనుకుంటే దానికి గ్రామ పంచాయతీ ఉంది, నీటిపారుదల శాఖ ఉంది, 2005 నుంచి సమాచార హక్కు చట్టం ఉంది. ఆ చట్టం కింద దరఖాస్తు ఎలా రాయాలో తరగతిలో నమూనా రాయించాను, పంపించలేదు. పంపించే నిర్ణయం పిల్లల మీద పెట్టే బరువు కాదని నా అభిప్రాయం.

చెరువు గురించి ఇంత రాయడానికి కారణం, మిగతా ప్రాజెక్టులన్నీ ఇదే పద్ధతిలో నడుస్తాయి కాబట్టి. అంకెలతో చేసేవి రెండు చెబుతాను.

మొదటిది జనగణన. 2011 జనగణన జిల్లా పుస్తకాలు వెబ్‌సైటులో ఊళ్ల వారీగా దొరుకుతాయి. మీ ఊరి వివరాలు వెతికేటప్పుడు పిల్లలు ఒక చోట తప్పకుండా ఆగిపోతారు. మీ జిల్లా పేరు ఆ జాబితాలో ఉండకపోవచ్చు. 2016 అక్టోబరులో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. లెక్కలు మాత్రం పాత జిల్లాల పేర్ల కిందే ఉన్నాయి. ఏ ఊరు ఏ జిల్లా నుంచి ఏ జిల్లాకు వచ్చిందో వెతుక్కోవడమే ఒక పాఠం. ఇక అక్షరాస్యత శాతం. ఊరి జనాభా 2,000, అందులో ఆరేళ్ల వరకు వయసున్న పిల్లలు 200, అక్షరాస్యులు 1,080 అనుకోండి. మా పిల్లలు 1,080ని 2,000తో భాగించి 54 శాతం అని రాశారు. జనగణన పద్ధతిలో ఏడేళ్లు, ఆపైన వయసువారినే లెక్కలోకి తీసుకుంటారు కాబట్టి 1,800తో భాగించాలి, 60 శాతం వస్తుంది. చదువు మొదలుపెట్టని పసిపిల్లను నిరక్షరాస్యురాలిగా లెక్కించడం న్యాయమా అని అడిగితే, శాతం అనేది ఒక నిర్ణయం మీద ఆధారపడి ఉంటుందని తొమ్మిదో తరగతి పిల్లలు చక్కగా పట్టుకుంటారు. ఈ పనికి లిబ్రె ఆఫీసు అనే ఉచిత ప్రోగ్రాములో లెక్కల పట్టికలు వేసే కాల్క్ చాలు, నెట్ అవసరం లేదు.

రెండోది కనీస మద్దతు ధర. సాధారణ రకం వరికి క్వింటాలుకు 2014-15లో 1,360 రూపాయలు, 2024-25లో 2,300 రూపాయలు. ఈ రెండు అంకెలతో పిల్లల చేత రెండు పట్టీ చిత్రాలు గీయించండి. ఒకదానిలో నిలువు గీతను సున్నా నుంచి, రెండోదానిలో 1,300 నుంచి మొదలుపెట్టించండి. మొదటి చిత్రంలో రెండో పట్టీ మొదటిదాని కంటే సుమారు 69 శాతం పొడవుగా ఉంటుంది. రెండో చిత్రంలో మొదటి పట్టీ అరవై రూపాయల ఎత్తు, రెండోది వెయ్యి రూపాయల ఎత్తు. చూసే కంటికి ధర పదహారు రెట్లు పెరిగినట్టు కనిపిస్తుంది. అంకె ఒక్కటీ అబద్ధం కాదు. ఎన్నికల సమయంలో ఫోన్లలో తిరిగే బొమ్మలను మా పిల్లలు ఆ రోజు నుంచి వేరే కళ్లతో చూస్తున్నారు. ఆ తర్వాత ఒక్కొక్కరు తమ ఇంట్లోనో పక్కింట్లోనో అడిగి, ఎరువుల బస్తాకు, కూలికి పదేళ్ల కిందట ఎంత ఇచ్చేవారు, ఇప్పుడెంత ఇస్తున్నారు, ధాన్యం చివరికి ఎంతకు అమ్మారు అన్నది రాసుకొస్తే, గ్రామ ఆర్థిక వ్యవస్థ పాఠం సగం పూర్తయినట్టే. ఇళ్ల అప్పుల వివరాలు మాత్రం అడగనివ్వవద్దు.

గొంతులు రికార్డు చేసే ప్రాజెక్టు గురించి కూడా అడిగేవారు ఉంటారు. వలసల పాఠానికి అది ఎంతో బాగుంటుంది. మా వైపు నుంచి నేత పని కోసం షోలాపూర్, భీవండి, సూరత్ వెళ్లి తిరిగి వచ్చిన ముసలివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. "ఆ రోజుల్లో ఎట్లుండె" అని అడిగితే "ఏముంది బిడ్డా, కష్టాలే" అని ఊరుకుంటారు. "మీరు మొదటిసారి రైలెక్కిన నాడు చేతిలో ఏమేం పట్టుకపోయిండ్రు" అని అడిగితే గంట మాట్లాడతారు. అందుకే ప్రశ్నలు తయారు చేయడానికే ఒక పీరియడు ఇవ్వండి. ఐదు నిమిషాల మాటను కాగితం మీద పెట్టడానికి పిల్లలకు దాదాపు గంట పడుతుంది, కాబట్టి ఒక్కో జట్టుకు ఐదు నిమిషాలకు మించి ఇవ్వకండి. మా పిల్లలు రాసేటప్పుడు ఒక అవ్వ అన్న "పోయినం" అనే మాటను "వెళ్లాము" అని దిద్దారు. ఆమె మాట ఆమెదిగానే ఉండాలని చెప్పి మళ్లీ రాయించాను. తమ అమ్మమ్మ భాష బడి నోటుబుక్కులో రాయదగినదేనని పిల్లలకు తెలియడం కూడా సాంఘిక శాస్త్రమే.

రికార్డు మొదలయ్యే ముందే అనుమతి అడగాలి, ఆ అనుమతి కూడా రికార్డులోనే ఉండాలి. పిల్లల ఫొటోలు, గొంతులు బయట సామాజిక మాధ్యమాల్లో పెట్టవద్దు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లలోపు వారి సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటుంది. చట్టం లేకపోయినా మనం పాటించవలసిన పద్ధతి అదే. అన్నీ బడి కంప్యూటరులో, ఒక పెన్‌డ్రైవులో భద్రపరిస్తే చాలు.

కృత్రిమ మేధ (ఏఐ) గురించి మీరు అడగలేదు గానీ, మీ పిల్లలు అడగకుండానే వాడతారు. మా పిల్లలు ఒక చాట్‌బాటును మా ఊరి చరిత్ర అడిగితే, ఎంతో నిండుగా, తడబాటు లేకుండా జవాబు చెప్పింది; అందులో మా ఊళ్లో లేని ఒక కోట కూడా ఉంది. నేను దాన్ని నిషేధించలేదు. ప్రింటు తీసి, ఒక్కో వాక్యం పక్కన "చూశాం, విన్నాం, పటంలో ఉంది, ఆధారం లేదు" అనే నాలుగింటిలో ఒకటి రాయమన్నాను. ఆధారం లేనివి ఎన్ని తేలాయో చూసి పిల్లలే ఆశ్చర్యపోయారు.

ఇక తరగతిని నడిపే సంగతి. 38 మందిని ఆరు జట్లు చేయండి, రెండు జట్లలో ఏడుగురు ఉంటారు. వాడే ఫోను మీది కావాలి, పిల్లల ఫోన్లు బడికి తెప్పించవద్దు. నేను మొదట్లో గమనించని పొరపాటు ఒకటి చెప్పాలి. జట్టులో ఫోను, మౌసు ఎప్పుడూ మగపిల్లల చేతుల్లోకి వెళ్లేవి. ఆడపిల్లలు చక్కటి చేతిరాతతో చార్టులు రాసేవారు. ఒకసారి నడక ఫొటోలు వెనక్కి తిరిగి చూస్తుంటే, జీపీఎస్ పట్టుకున్న చేయి ఒక్కటి కూడా ఆడపిల్లది కాదని కనిపించింది. ఆ తప్పు పూర్తిగా నాదే. అప్పటి నుంచి కొలిచేవారు, రాసేవారు, అడిగేవారు, సరిచూసేవారు అని పనులు విడగొట్టి ప్రతి వారం మారుస్తున్నాను. ఈ మార్పును పిల్లల ఇష్టానికి వదిలేస్తే జరగదు, మీరే జాబితా గోడ మీద పెట్టాలి.

మార్కుల విషయానికి వస్తే, నిర్మాణాత్మక మూల్యాంకనంలో ప్రాజెక్టు పనులకు ఉన్నవి ఐదు మార్కులే. ఆ ఐదింటిని అట్ట అందానికి వేయకండి. ప్రతి జట్టు ఒక పని పుస్తకం పెట్టుకొని, ఏ రోజు ఏం చూశారో, ఎక్కడ పొరబడ్డారో, ఎలా సరిచేసుకున్నారో రాయాలి. చివర్లో ఒక్కొక్కరిని పిలిచి, వాళ్లు గీసిన పటం మీద ఒక చోట వేలు పెట్టి "ఇది ఇక్కడ ఉందని నీకు ఎట్లా తెలుసు" అని అడగండి. రెండు నిమిషాల్లో ఎవరు పని చేశారో, ఎవరు పక్కవాళ్లది చూసి గీశారో తేలిపోతుంది. పటనైపుణ్యాలు, సమాచార సేకరణ, సమకాలీన అంశాలపై ప్రతిస్పందన అని మన విద్యా ప్రమాణాల్లో రాసి ఉన్నవాటిని పరీక్ష పేపరులో కొలవడం కష్టం, ఈ ఒక్క ప్రశ్నతో మూడూ తెలుస్తాయి.

సిలబస్ భయం సహజమే. చెరువు ప్రాజెక్టుకు నాకు ఏడు పీరియడ్లు, ఒక పూట నడక పట్టాయి, వారానికి ఒక పీరియడు చొప్పున నడిపాను. దాన్ని అదనపు పనిగా చూపిస్తే ప్రధానోపాధ్యాయులు ఒప్పుకోకపోవచ్చు. పటాలు, నీటి వనరులు, వ్యవసాయం పాఠాల్లో ఏయే పీరియడ్లకు బదులుగా ఇది జరుగుతుందో మీ పాఠ్యప్రణాళికలో ముందే రాసి చూపించండి. ఏడో తరగతి కాకతీయుల పాఠం చెప్పేటప్పుడు మీ తొమ్మిదో తరగతి పిల్లలనే ఆ గదికి పంపి పటం చూపించమంటే, అక్కడ కూడా ఒక పీరియడు మీకు కలిసి వస్తుంది. ఏడాదికి ఇలాంటివి రెండు చేస్తే చాలు, నాలుగు చేయబోయి ఒక్కటీ ముగించలేని ఏళ్లు నాకున్నాయి.

మీరు ఈ వారమే చేయగలిగిన పని ఒకటి ఉంది. కట్ట మీద సురక్షితంగా నిలబడగల ఒక చోటును ఎంచుకోండి, అక్కడి రాయి మీదో చెట్టు మీదో గుర్తు పెట్టండి. మత్తడి, శిఖం రెండూ కనిపించేలా అక్కడి నుంచి ఒక ఫొటో తీసి, ఫైలుకు తేదీ పేరు పెట్టండి. నెలకోసారి అదే చోట, అదే దిక్కుకు, అదే వేళకు తీస్తూ ఉండండి. మీకు వీలుకాని నెల పక్క క్లాసు టీచరును తీయమనండి. మా బడి కంప్యూటరులో ఆ ఫోల్డరుకు ఇప్పుడు ఆరేళ్లు. కొత్తగా తొమ్మిదిలోకి వచ్చిన పిల్లలు జూన్‌లో మొదట తెరిచేది దాన్నే, మొదట అడిగేది "ఈ నెల ఎవరు తీస్తరు సార్" అని.